కడలి వాయువు – శీతోష్ణముల పొత్తు

లోకమున నేడు వాడుకలోనున్న సహజవాయువులో పెద్ద భాగము సముద్రగర్భమునుండి వచ్చుచున్నది. నీటినడుమ ఉక్కుకాళ్లపై నిలిపిన వేదికలు, అనగా ప్లాట్‌ఫారములు, ఆ వాయువును పైకి తీసి, దానిలోని నీటిని, ఇతర ద్రవములను వేరుచేసి, గొట్టములద్వారా ఒడ్డునకు పంపుచున్నవి. ఆ వేదికలమీద రేయింబవళ్లు జరుగు పనులలో ముఖ్యమైనవి రెండు: వేడిచేయుట, చల్లార్చుట. ఈ రెండింటిని అదుపులోనుంచు యంత్రాంగములు మొదట వేరువేరుగా పుట్టి, వేరువేరుగా పెరిగి, తుదకు ఒకదాని మాట ఒకటి వినక తప్పని స్థితికి వచ్చినవి. ఆ పొత్తు సులభముగా కుదురలేదు. అది కుదురులోపల పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ చరిత్రను శ్రోతలముందు సంగ్రహముగా ఉంచదలచినాము.

మొదట వాయువు స్వభావమును కొంచెము తెలిసికొందము. సైకిలు చక్రమునకు గాలి కొట్టిన ప్రతివారికి తెలిసిన విషయమొకటి కలదు. నాలుగుమారులు కొట్టునప్పటికి పంపు అడుగుభాగము చేతికి వెచ్చగా తగులును. వాయువును అదిమినచో వేడి పుట్టుటయే దానికి కారణము. దీనికి మారుగా, గొప్ప ఒత్తిడిలోనున్న వాయువును ఇరుకుద్వారముగుండ విడిచినచో, పెక్కు వాయువులు చల్లబడును. జేమ్స్ జూల్, విలియం థామ్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1852లో ఈ ధర్మమును ప్రయోగపూర్వకముగా చూపిరి. ఆ థామ్సనే తరువాత లార్డ్ కెల్విన్ అను పేర ప్రసిద్ధికెక్కెను. వారి ప్రయోగము చిన్నది. ఆ ధర్మమే సముద్రపు బావినోట మహారూపము దాల్చును. భూగర్భములో వందల వాతావరణముల ఒత్తిడిలోనుండిన వాయువు బావితలపైనున్న ఇరుకు వాల్వును దాటివచ్చునపుడు, ఒత్తిడి 100 వాతావరణముల మేర తగ్గెనా, వేడిమి 40, 50 డిగ్రీల వరకు పడిపోవచ్చును.

చల్లబడినంతమాత్రమున వచ్చు చిక్కేమని శ్రోతలు అడుగవచ్చును. వాయువు ఒంటరిగా రాదు. తనతో కొంత నీటిని వెంటబెట్టుకొని వచ్చును. గొప్ప ఒత్తిడిలో చల్లదనము సోకినచో ఆ నీరు, ఆ వాయువు కలిసి ఒక వింతగడ్డగా పేరుకొనును. చూపునకు మంచువలెనే ఉండును. కాని మంచు కాదు. నీటి అణువులు పంజరమువలె అమరగా, ఆ పంజరములో వాయువు అణువులు చిక్కుకొనియుండును. దీనికి హైడ్రేటు అని పేరు. క్లోరిన్ వాయువుతో ఇట్టి పదార్థము ఏర్పడునని 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో సర్ హంఫ్రీ డేవీ గుర్తించెను. 1823లో మైకేల్ ఫారడే దాని కూర్పును పరిశోధించెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా అది ప్రయోగశాలలోని వింతగానే మిగిలిపోయెను. 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ అను పరిశోధకుడు, చలికాలమున గ్యాసుగొట్టములను మూసివేయుచున్నది మంచు కాదనియు, ఈ హైడ్రేటే యనియు ప్రకటించెను. మంచు ఏర్పడుటకు నీరు సున్న డిగ్రీలకు దిగవలెను. హైడ్రేటునకు అంత చలి అక్కరలేదు. ఒత్తిడి చాలినంత ఉన్నచో మన శీతకాలపు ఉదయమువంటి వేడిమిలోనే అది గొట్టమును బిగించివేయగలదు.

ఇక ప్లాట్‌ఫారముమీద పని యెట్లు జరుగునో చూతము. బావినుండి వచ్చు వాయువు గడ్డకట్టకుండ దానిని వెచ్చజేయవలెను; లేదా గ్లైకాల్, మిథనాల్ వంటి ద్రవములను కలిపి గడ్డకట్టుటను ఆపవలెను. తరువాత దూరమునకు పంపుటకై కంప్రెసరులో అదిమినపుడు అది మిక్కిలి వేడెక్కును. అప్పుడు సముద్రజలముతో చల్లార్చవలెను. చల్లారిన వాయువులో మిగిలిన తేమను గ్లైకాల్ పీల్చుకొనును. తేమ పీల్చిన గ్లైకాలును మరల పనికి తెచ్చుటకు దానిని 200 డిగ్రీలవరకు కాచవలెను. ఆ కాకకు కావలసిన వేడిని పెక్కుచోట్ల గ్యాసు టర్బైనుల పొగగొట్టములనుండియే సంగ్రహించి, వేడినూనె ద్వారా తెచ్చుకొందురు. కనుక ఒకచోట పారవేయదగిన వేడి మరియొకచోట ప్రాణాధారము. ఒకచోటి చల్లదనము మేలు, మరియొకచోటి చల్లదనము కీడు. ఒడ్డుమీద ఎకరముల కొలది స్థలములో పరచుకొనదగిన ఈ కార్యములన్నియు సముద్రముమీద అంతస్తులు అంతస్తులుగా, చేయి చాచిన అందునంత దగ్గరలో ఇమిడియుండును. అందుచే ఒకదాని కీడు రెండవదానికి సోకుటకు ఎంతోసేపు పట్టదు.

వేడిమిని తనంతట తానే అదుపుచేసికొను సాధనములకు చరిత్ర చాల ప్రాచీనమైనది. 17వ శతాబ్ది ఆరంభమున కార్నేలిస్ డ్రెబెల్ అను డచ్చి మేధావి, కొలిమి వేడెక్కినచో గాలిద్వారము తానే మూసికొను ఉపాయము కల్పించెను. గ్రుడ్లు పొదిగించుటకు కూడ అది పనికివచ్చెను. 1830లో ఆండ్రూ యూర్ అను స్కాట్లండు రసాయనజ్ఞుడు, రెండు లోహపు పట్టీలను జంటగా అతికించి, వేడికి అవి వంగుటను ఆధారము చేసికొని, నూలుమిల్లుల గదులలో వేడిమిని నియమించు సాధనమునకు పేటెంటు పొందెను. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కానిని నడుపు యంత్రమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అనుభవజ్ఞుడైన సరంగు ఓడ ఎంత తప్పినదో మాత్రమే చూడడు. ఎంతకాలమునుండి తప్పుచున్నదో, ఎంతవేగముగా తప్పుచున్నదో కూడ గమనించునని ఆయన గణితమూలముగా వివరించెను. నేటి కర్మాగారములలో వేడిమిని, ఒత్తిడిని, ద్రవమట్టమును అదుపుచేయు నియంత్రకములలో అత్యధికభాగమునకు ఆ మూడు చూపులే పునాది. వానిని ఎట్లు సరిచూచి అమర్చుకొనవలెనో 1942లో జీగ్లర్, నికొల్స్ అను ఇద్దరు ఇంజనీర్లు సులభమైన సూత్రములు కట్టి ఇచ్చిరి.

ఆనాటి నియంత్రకములు విద్యుత్తుతో గాక, గాలి ఒత్తిడితో పనిచేయుచుండెడివి. చదరపు అంగుళమునకు 3 పౌనులు మొదలు 15 పౌనులవరకు గల గాలి ఒత్తిడియే వాని భాష. నిప్పురవ్వ లేవదు కనుక గ్యాసుండుచోట అవి క్షేమకరములు. కాని వానికొక లోపము కలదు. ప్రతి నియంత్రకము తనకు అప్పగించిన ఒక్క వాల్వును, ఒక్క కొలతను మాత్రమే ఎరుగును. చల్లార్చు నియంత్రకమునకు తన ప్రక్కనే వేడిచేయు నియంత్రకము కలదని తెలియదు. ఒకే యింట ఒకరు కిటికీలు తెరచుచుండగా మరియొకరు కుంపటి రాజేయుచున్నట్లు, ఒకటి వాయువును చల్లార్చుచుండ రెండవది దానినే కాచుచుండుటయు సంభవించును. ఇంధనము వ్యర్థమగును, వేడిమి నిలుకడ లేక ఊగులాడును. ఒక్క నియంత్రకమునకే వేడి వాల్వును, చల్లని వాల్వును అప్పగించి, ఒకటి పూర్తిగా మూసిన పిమ్మటగాని రెండవది తెరవరాదని కట్టడిచేయుట దీనికి తొలిమందు. ఇదియే మన కథలోని పొత్తునకు మొదటి మెట్టు. నియంత్రకముల వార్తలనన్నింటిని ఒక్కచోటికి చేర్చుటకు కంప్యూటరు రావలసివచ్చెను. 1975లో అమెరికాలో హనీవెల్ సంస్థ, జపానులో యోకొగావా సంస్థ అట్టి వ్యవస్థలను విడివిడిగా విపణికి తెచ్చినవి.

ఈలోగా మనుష్యుడు వాయువుకొరకు, నూనెకొరకు సముద్రములోనికి దిగియుండెను. 1947లో మెక్సికో సింధుశాఖలో తీరము కంటికానరాని చోట మొదటి నూనెబావి ఫలించినది. నీటిలోతు మూడునాలుగు నిలువులకు మించలేదు. 1959లో హాలండులోని గ్రోనింగెన్ ప్రాంతమున భూమిలో అపారమైన వాయునిధి బయటపడగా, అట్టి నిధులు ప్రక్కనున్న ఉత్తరసముద్రముక్రింద కూడ ఉండునను ఆశ జనించినది. 1965లో బ్రిటిషు సముద్రభాగములో ‘సీ జెమ్’ అను త్రవ్వకపు వేదిక మొట్టమొదట వాయువును కనుగొన్నది. ఆ సంతోషము నిండ నాలుగునెలలు నిలువలేదు. డిసెంబరు 27వ తేదీన, వేదికను వేరొకచోటికి తరలించుటకు సన్నాహము జరుగుచుండగా అది కూలి సముద్రములో పడెను. దానిపైనున్న 32 మందిలో 13 మంది మరణించిరి. కాళ్లను వేదికకు బంధించిన ఉక్కుబందములు చలిలో పెళుసెక్కి పుటుక్కున విరిగినవని విచారణలో తేలినది.

ఉక్కు చలికి పెళుసగుట ఆనాటికి క్రొత్తసంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 జనవరిలో, అమెరికాలో ‘స్కెనెక్టడీ’ అను సరిక్రొత్త నూనెఓడ నిశ్చలమైన రేవునీటిలో కట్టియుండగనే నడిమికి రెండుగా చీలెను. కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అను విదుషి అట్టి ఓడల ఉక్కును పరీక్షించి, ఒక హద్దుకంటె వేడిమి తగ్గినపుడు వంగవలసిన ఉక్కు గాజువలె పగులునని నిర్ధారణ చేసెను. కనుక చల్లదనము వాయువునకు మాత్రమే కాదు, వాయువును మోయు పాత్రకును ప్రమాదకారియే. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనగోరెదము. ముందు దీనితో పనియున్నది.

1988 జూలై 6వ తేదీ రాత్రి స్కాట్లండు తీరమునకు దూరముగా ‘పైపర్ ఆల్ఫా’ అను ప్లాట్‌ఫారము ప్రేలి దగ్ధమైనది. 167 మంది మృతిచెందిరి. సముద్రపు వాయునూనె పరిశ్రమ చరిత్రలో అంతటి ప్రాణనష్టము మరియొకటి లేదు. మొదట నూనెకొరకు కట్టిన ఆ వేదికమీద తరువాత వాయువును అదుము యంత్రములను చేర్చిరి. అవి నియంత్రణశాలకు చేరువలోనే ఉండెను. తొలి ప్రేలుడుతోనే నియంత్రణశాల పనికిరాకుండ పోయినది. ఆ ప్రేలుడునకు శీతోష్ణములు కారణమని మేము చెప్పుటలేదు. కాని చనిపోయినవారిలో అధికసంఖ్యాకులు మంటలచే గాక పొగచే చనిపోయిరనుట గమనింపదగినది. ఆజ్ఞకొరకు ఎదురుచూచుచు నివాసభాగములో చేరియున్నవారిని పొగ అక్కడికే వెదకివచ్చి చుట్టుముట్టెను. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990లో 106 సిఫారసులు చేసెను. పొగ చొరరాని ఆశ్రయస్థానము వేదికపై ఉండవలెననుట వానిలో నొకటి.

దీనితో గదులకు వెచ్చని గాలిని, చల్లని గాలిని అందించు ఏర్పాటునకు క్రొత్త అర్థము కలిగినది. అది సుఖముకొరకే ఉన్నదని పూర్వము తలచుచుండిరి. నిజమునకు నివాసభాగములోని గాలి ఒత్తిడిని వెలుపలికంటె కొంచెము హెచ్చుగా నుంచి, వాయువు లోనికి రాకుండ కాపాడునదియు అదియే. అజాగ్రత్తగా నుంచినచో పొగను లోనికి పీల్చితెచ్చునదియు అదియే. కావున గాలి తీసికొనుచోట వాయువుగాని పొగగాని కనబడిన తక్షణము పంకాలు ఆగి, గాలిదారుల తలుపులు మూతపడవలెను. అనగా శీతోష్ణముల ఏర్పాటు, అగ్నిరక్షణ ఏర్పాటు మాటలాడుకొనవలెను.

ఇంక మన కథకు నడిమిఘట్టమైన లాంగ్‌ఫర్డ్ ప్రమాదమునకు వత్తము. ఆస్ట్రేలియాకు, టాస్మేనియాకు నడుమ బాస్ జలసంధి కలదు. 1965లో అక్కడ బారకూటా అనుచోట వాయువు లభించినది. మరుసటి సంవత్సరము మార్లిన్ అనుచోట లభించినది. ఆ ప్లాట్‌ఫారములనుండి వచ్చు వాయువును శుద్ధిచేయుటకు విక్టోరియా రాష్ట్రములో, మెల్బోర్న్ నగరమునకు తూర్పున సుమారు 200 కిలోమీటర్ల దూరమున, లాంగ్‌ఫర్డ్ అనుచోట కర్మాగారము కట్టిరి. అందలి మొదటి విభాగము 1969లో పని ఆరంభించినది. ఇది ఒడ్డుమీదిదే యైనను సముద్రవేదికలతో గొట్టములచే ముడివడియున్నది. అక్కడి మార్పు ఇక్కడ కొలదిగంటలలో తెలియును. ఈ విభాగములో నూనెను వాయువుగుండ ప్రవహింపజేసి, బరువైన పదార్థములను పీల్పించి, పిమ్మట ఆ నూనెను కాచి వానిని రాబట్టుచుందురు. పీల్చుటకు చల్లదనము కావలెను. రాబట్టుటకు వేడి కావలెను. ఒకే నూనె రెండు దశలలోను తిరుగుచుండును.

1998 సెప్టెంబరు 24వ తేదీ రాత్రి మార్లిన్ క్షేత్రమునుండి ద్రవము ఎక్కువగా వచ్చినది. చల్లని ఆ ద్రవము తన హద్దు దాటి నూనెదారిలో ప్రవేశించెను. ఆ కలతచే మరునాటి ఉదయము వేడినూనెను త్రిప్పు పంపులు ఆగిపోయినవి. వేడి ఆగినది; చలి మాత్రము ఆగలేదు. చల్లని ద్రవము ఎప్పటివలెనే వచ్చుచుండెను. సుమారు 100 డిగ్రీల వేడిమిలో పనిచేయవలసిన ఒక ఉక్కుపాత్ర సున్నకు దిగువ 48 డిగ్రీలవరకు చల్లబడెను. దాని వెలుపలిభాగమున మంచు పేరుకొనెను. ఎండుభూమిలో, వసంతకాలపు పగటిపూట, వేడిపాత్రపై మంచు కట్టినది! అది గొప్ప హెచ్చరిక. చూచినవారికి వింతయేమో తోచినది గాని, దాని భావము తెలియలేదు. ప్రక్కనున్న మరియొక పాత్ర అతుకులవద్ద కారుచుండుటచే అందరి దృష్టి దానిపైననే ఉండెను.

కారుట మానవలెనన్నచో పాత్ర మరల వెచ్చబడవలెను. అందుచే మధ్యాహ్నమునకు వేడినూనెను తిరిగి పంపిరి. చలికి గాజువలె పెళుసైన ఉక్కులోనికి వేడినూనె ప్రవహించినది. మంచినీటి కడవలో పెట్టి చల్లార్చిన గాజుగ్లాసులో సలసల కాగు నీరు పోసినచో ఏమగునో ప్రతి గృహిణికి తెలియును. పాత్ర పగిలినది. పదిటన్నులకు మించిన వాయువు మేఘమువలె వ్యాపించి, దాదాపు 170 మీటర్ల దూరముననున్న కొలుములను తాకి అంటుకొనెను. ఇద్దరు ఉద్యోగులు మరణించిరి, ఎనమండుగురు గాయపడిరి. మంటలు మూడవనాటికిగాని ఆరలేదు. కర్మాగారములోని ఇతర విభాగములు దగ్ధముకాకున్నను, వాని గొట్టములన్నియు మొదటి విభాగపు గొట్టములతో పెనవేసికొని ఉండుటచే, ఒకదానిని విడదీసి రెండవదానిని నడుపుటకు వీలులేకపోయినది. విక్టోరియా రాష్ట్రములో 13 లక్షలకు పైబడిన గృహములకు రమారమి మూడువారములపాటు గ్యాసు లేదు. స్నానమునకు వేడినీరు లేదు. రొట్టెలదుకాణములు, హోటళ్లు, కర్మాగారములు మూతపడినవి.

సంస్థవారు నియంత్రణశాలలోని ఒక ఉద్యోగిపై తప్పు మోపజూచిరి. ప్రభుత్వము నియమించిన రాయల్ కమిషను 1999లో ఆ వాదమును త్రోసిపుచ్చి, బాధ్యత సంస్థదేయని తీర్పుచెప్పెను. ఉక్కు చలికి పెళుసగునను సంగతి ఆ ఉద్యోగులకు ఎవరును సరిగా నేర్పలేదు. వేడినూనె ఆగినచో ఏమి చేయవలెనో తెలుపు వ్రాతపూర్వకమైన పద్ధతి లేదు. ఆ విభాగమునందలి ఆపదలను క్రమముగా ఊహించి చూడవలసిన పరిశీలన వాయిదాలు పడి, తుదకు జరుగనేలేదు. 1992లో ఇంజనీర్లను మెల్బోర్న్ నగరమునకు మార్చిరి. మంచు కట్టిన పాత్రను చూచి గుండె ఝల్లుమనదగినవారు ఆ ఉదయము అక్కడ లేరు. హెచ్చరికగంటలు లేకపోలేదు. దినమునకు లెక్కలేనన్ని మ్రోగి మ్రోగి, ఏది ముఖ్యమో ఏది కాదో తెలియని స్థితి ఏర్పడియుండెను. మ్రోగని గంటకంటె నిత్యము మ్రోగుగంట ఎక్కువ చెవుడు కలిగించును.

ఇందువలన శీతోష్ణముల పొత్తు అనగా నేమియో స్పష్టమగుచున్నది. వేడినూనె ఆగినదను వార్త చల్లనిద్రవము వచ్చు వాల్వునకు చేరవలెను. చేరి అది మూతపడవలెను. చల్లబడిన పాత్రలోనికి వేడినూనెను పంపబోవువానికి ‘ఇది పెళుసైయున్నది, ఆగుము’ అని చెప్పు అడ్డుకట్ట ఉండవలెను. నేటి క్రొత్త వేదికలలో ఇట్టి బంధములను కట్టడమునకు ముందే యోచించి అమర్చుచున్నారు. బావినోటి వేడిమి, కంప్రెసరు తరువాతి చల్లార్పు, గ్లైకాల్ కాక, టర్బైను పొగనుండి తీసిన వేడి, నివాసపు గదుల గాలి – వీనినన్నింటిని ఒక్క తెరపై చూడవచ్చును. ఒకచోట మార్పు జరిగినపుడు దాని ఫలితము రెండవచోటికి చేరకమునుపే అక్కడి వాల్వును సిద్ధపరచవచ్చును. వేడి వృథా కాదు, ఇంధనము మిగులును.

అయితే పొత్తునకు ఒక హద్దు కలదు. లాంగ్‌ఫర్డులో నియంత్రకములు విడిపోయియుండెను, గొట్టములు కలిసిపోయియుండెను. ఉండవలసినది దీనికి మారుగా. వార్తలు కలియవలెను, ఆపదలు కలియరాదు. అందుచేతనే నిత్యము నడుపు వ్యవస్థ వేరు, ఆపదలో ఆపివేయు వ్యవస్థ వేరుగా ఉండవలెనను నియమము పరిశ్రమలో స్థిరపడినది. నడుపుదాని కన్ను పోయినను ఆపుదాని కన్ను తెరచియుండవలెను. పైపర్ ఆల్ఫాలో తొలిదెబ్బకే నియంత్రణశాల కూలిన సంగతి తెలిసినవారికి ఈ నియమము ఏల యని చెప్పనక్కరలేదు. అన్నింటిని ఒక్క కంప్యూటరునకు అప్పగించి నిశ్చింతగా నిద్రించుట పొత్తు కాదు. అది ఒక్కత్రాటిపై ఇల్లంతయు వ్రేలాడగట్టుట.

ఈ కథ మనకు దూరదేశపు కథ మాత్రమే కాదు. మన గోదావరి, కృష్ణా నదులు యుగయుగములుగా మోసికొనివచ్చిన ఒండ్రు వంగసముద్రము అడుగున పేరుకొనియున్నది. అందులో వాయువు కలదు. 2009 ఏప్రిలులో కృష్ణా–గోదావరి లోతునీటి క్షేత్రమునుండి వాయువు కాకినాడకు దక్షిణముననున్న గాడిమొగ తీరమును చేరనారంభించినది. అంతలోతున సముద్రపుటడుగు మండువేసవిలోను చల్లగనే ఉండును. తీరమున ఎండకు ఇసుక కాలుచుండగా, ఆ ఇసుకకు ఎదురుగా నీటిఅడుగున గొట్టములో హైడ్రేటు గడ్డకట్టకుండ గ్లైకాల్ పంపవలసియున్నది! 2006లో మన దేశము జరిపించిన అన్వేషణలో ఇదే తీరమునకు ఎదుట సముద్రపుటడుగు మట్టిలో 128 మీటర్ల మందమున సహజముగా ఏర్పడిన హైడ్రేటు నిక్షేపము కనబడినది. గొట్టములో శత్రువైనది భూమిలో నిధియైనది. రేపు దానిని వెలికితీయదలచినచో, ఎంత వేడి ఇవ్వవలెను, ఎంత ఒత్తిడి తగ్గింపవలెను, తగ్గించుటవలన కలుగు చల్లదనమును ఎట్లు భరింపవలెను అను ప్రశ్నలే మరల ఎదురగును.

ఆ పనులలో కోనసీమ, కాకినాడ ప్రాంతముల యువకులు అనేకులు ఉందురు. ఇప్పటికే గల్ఫుదేశముల గ్యాసు కర్మాగారములలో మన తెలుగువారు ఎందరో పనిచేయుచున్నారు. వారి ఇండ్లలో రేడియో వినుచున్న తలిదండ్రులకు మేము చెప్పదగినది ఒక్కటే. వేడిమిని కొలుచు యంత్రము ఎంత గొప్పదైనను, ఆ అంకె అర్థమేమో తెలిసిన మనుష్యుడొకడు దానిముందు ఉండవలెను. అతనికి ఆ విద్య నేర్పుట యజమాని ధర్మము. ‘ఇక్కడ మంచు ఏల కట్టినది?’ అని అడుగుటకు జంకని స్వాతంత్ర్యమును అతనికి ఇచ్చుట అంతకంటె గొప్ప ధర్మము. లాంగ్‌ఫర్డులో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఆ ఉదయము 200 కిలోమీటర్ల దూరముననుండిరి. వేడికి, చలికి పొత్తు కుదుర్చుటకు తీగెలు, కంప్యూటరులు చాలును. తెలిసినవానికి, పనిచేయువానికి పొత్తు కుదుర్చుట మాత్రము మనుష్యులే చేయవలసిన పని.